ఒక చుట్టు బాకీ

అంబత్తూరు ఎస్టేట్‌లో లేత్ మిషన్ మీద పని నాది.
వెంట్రుకను నాలుగు పాయలుగా చీల్చి
అందులో ఒక్క పాయ తేడా వచ్చినా
పీసు తిరిగొస్తుంది, జీతంలో కోత పడుతుంది.
కొలత అంటే నాకు భయమూ భక్తీ.

అందుకే మీ గేటు దగ్గర
ప్లైవుడ్ జిరాఫీ మెడ మీది గీతల్ని
నమ్మాను.

మొదటిసారి వచ్చినప్పుడు మా లిఖితకు ఐదేళ్లు.
నూట పది తాకితే పెద్ద టికెట్ అన్నారు.
"చెప్పులు విప్పించి కొలవండి" అంది కనకవల్లి.
విప్పినా తాకింది.
సరే, గీత గీతే.
కట్టాను.

లోపల ఇంకో జిరాఫీ ఉంది,
థండర్ కోబ్రా మెట్ల పక్కన.
అది నూట నలభై అడుగుతుంది.
గేటు దగ్గర పొడుగైన పిల్ల
వంద అడుగులు నడిచేసరికి పొట్టిదైపోయింది.

అక్కడ లివర్ పట్టుకునే మనిషి ఏలుమలై
దాని తల మీద అరచెయ్యి ఆనించి
గీత దాకా కళ్లతోనే నిచ్చెన వేసి
"అడుత్త వరుషం, పాప్పా" అన్నాడు.
వచ్చే ఏడు.
మా ఫోర్‌మన్ కూడా ఏటా అంటాడు ఆ మాట,
ఇంక్రిమెంట్ సంగతి ఎత్తితే.
కానీ ఇంత మెత్తగా కాదు.

అలా ఏడు జూన్‌లు.
బడి తెరిచే ముందు సోమవారం, పూనమల్లి దాటి రెండు బస్సులు.
బయటి తిండి లోపలికి రాదన్నారని
గేటు పక్క చెత్తడబ్బా దగ్గర నిలబడి
పులిహోర ముగించి, చెయ్యి కడుక్కుని
నీళ్ల సీసా కూడా మీ వాళ్ల చేతిలో పెట్టి వచ్చేవాళ్లం.
టికెట్ రేటు మా పిల్ల కంటే వేగంగా ఎదిగింది.
ఒక ఏడు ఊరంతా తాళం పడింది.
"మిమ్మల్ని మిస్ అవుతున్నాం" అని మెసేజ్ పెట్టారు.
కనకవల్లి అది చెరపలేదు.

ఈ మే నెలాఖరున
బీరువా పక్కన నిలబెట్టి, తల మీద మూలమట్టం పెట్టి
నేనే కొలిచాను.
నూట నలభై, ఆపైన రెండు మిల్లీమీటర్లు.
నా పని మీద ఒట్టు.

వచ్చి చూస్తే పాము లేదు.
ఎర్ర రేకుల కంచె, లోపల కోసేసిన స్తంభాల మోళ్లు,
కంచె మీద "త్వరలో" అని నవ్వే బొమ్మ.
జిరాఫీ మాత్రం అలాగే ఉంది,
దేనికి కాపలానో తెలియకుండా.
లిఖిత వెళ్లి దాన్ని ఆనుకుని నిలబడింది.
ఎవరూ కొలవలేదు.

ఆఫీసులో టై కట్టుకున్న కుర్రాడు మంచివాడే.
కుర్చీ వేశాడు. బంగారు రంగు కార్డు ఇచ్చాడు:
పదిహేను శాతం తగ్గింపు,
శని, ఆదివారాలూ సెలవు రోజులూ మినహాయించి.
ఒక ఐస్‌క్రీం కూపన్.

నేను తగ్గింపు అడగలేదు బాబూ, లెక్క అడిగాను.
గీతకు కింద ఉన్నన్నాళ్లూ
పైనున్నవాళ్లంతా ఎంత కట్టారో అంతే కట్టాం.
మీ పాము మా పిల్లకు ఒక చుట్టు బాకీ.

అతను కంప్యూటర్‌లో చాలాసేపు వెతికాడు, పాపం.
"అలాంటి కాలమ్ లేదు సార్."

బయట బండ్ల దగ్గర
మెరిసే పట్టీల జాకెట్, మెళ్లో విజిల్.
ఏలుమలై.
ముందు నన్ను కాదు, దాన్ని గుర్తుపట్టాడు.
అలవాటు కొద్దీ అరచెయ్యి కిందికి చాచి
మళ్లీ పైకి జరిపి, తల మీద ఆనించి
"నూత్తి నాప్పదు" అన్నాడు.
ఆ వెంటనే అటు తిరిగి
ఎవరూ నడపని వ్యానుకు విజిల్ ఊదాడు.

బస్సులో కిటికీ పక్కన లిఖిత
కూపన్‌ను నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ పెట్టి
అడిగింది:
"నాన్నా, పైనుంచి ఏం కనిపించేది?"

తెలీదమ్మా.
నా టికెట్‌లో కూడా ఉండేది ఆ చుట్టు.
నీ చెయ్యి పట్టుకుని
నేనూ కిందే ఉన్నాను కదా.